మెచ్చుకోలూ ఒక బకాయే – ఇంగ్లీషు ప్రశంసా పదాలతో ఒక గుమాస్తా అనుభవాలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పది రోజుల క్రితం కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి, "ఈసారి మీరు ఓ అరగంట మాట్లాడాలండీ" అన్నారు. డి.ఆర్. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి లెక్కలతో సహా చెప్పగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. ఆ పని వారే చేస్తారు. నాకు తెలిసిన విద్య ఒక్కటే. 1972లో ఎల్.డి.సి.గా చేరి 2008లో రిటైరయ్యేదాకా ముప్ఫయ్యారేళ్ళు ఇతరుల సంతకాల కోసం డ్రాఫ్టులు రాశాను. ఆఫీసులో ఎవరికి బదిలీ అయినా, ఎవరు రిటైరైనా, వీడ్కోలు పత్రం రాసే పని నా బల్ల మీదకే వచ్చేది. నాకు ఇంగ్లీషు గొప్పగా వచ్చని ఎవరూ అనుకోలేదు. నా సొరుగులో అట్ట ఊడిపోయిన పాత నిఘంటువు ఒకటి ఉండేది. అదీ నా అర్హత.

అలా పొగిడి పొగిడి ఇంగ్లీషులో పొగడ్తకు ఎన్ని మాటలున్నాయో, ఏ మాట ఎక్కడ వాడాలో కొంత పట్టుబడింది. ఈ రోజు వాటిని గురించి నాలుగు ముక్కలు ముచ్చటించి, చివర నా సర్వీసులో నేను చేసిన ఒక పొరపాటును సభాముఖంగా మనవి చేసుకుంటాను.

ముందుగా అందరికీ తెలిసిన మాట, ప్రెయిజ్. దీని పుట్టుక లాటిన్ భాషలోని 'ప్రెషియం' అనే మాట. అంటే వెల. వస్తువు ధర అనే ప్రైస్, పోటీలో ఇచ్చే ప్రైజ్, ప్రెషస్, అప్రీషియేట్ – ఇవన్నీ ఆ ఇంటి పిల్లలే. బ్యాంకులో నగ కుదువ పెడితే గీటురాయి మీద గీసి చూసే అప్రైజరుగారు కూడా ఆ కుటుంబంలోని వారే. కాబట్టి ఒకరిని ప్రెయిజ్ చేయటమంటే వారికి వెలకట్టటమన్నమాట. అప్రైజరు రాయి మీద గీయకుండా వెల కట్టడు. మనం మాత్రం మనిషి పని చూడకుండానే వెలకట్టేస్తుంటాం.

రెండవది చప్పట్ల కుటుంబం. లాటిన్‌లో 'ప్లౌదరె' అంటే చప్పట్లు కొట్టటం. అప్లాడ్, అప్లాజ్, ప్లాడిట్స్ అక్కడినుంచి వచ్చాయి. నమ్మదగినట్టుగా ఉన్నదనటానికి ఆఫీసులో రాసే ప్లాజిబుల్ అనే మాటకు మొదటి అర్థం చప్పట్లకు తగినది అని. ఇంకొక మాట చెబితే మీరు ఆశ్చర్యపోతారు. బాంబు పేలటాన్ని ఎక్స్‌ప్లోడ్ అంటామే, అది కూడా ఈ ఇంటిదే! పూర్వం రోములో నటుడు బాగా ఆడకపోతే ప్రేక్షకులు గోలగా చప్పట్లు కొట్టి అతన్ని రంగస్థలం మీదనుంచి తరిమేవారు. ఆ తరమటమే ఎక్స్‌ప్లోడ్. పేలటమనే అర్థం చాలా తరువాత వచ్చింది. ఈ రహస్యం తెలియకపోయినా మన ఊళ్ళలో ఉపన్యాసం ఎంతకీ ముగించని వక్తకు చప్పట్లు కొట్టి కూర్చోబెట్టటం మనవాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. నా విషయంలో కాస్త ఓపిక పట్టమని కోరుతున్నాను.

మూడవది కేకల కుటుంబం. 'క్లమారె' అంటే కేక వేయటం. నలుగురూ కేక వేసి ఔనన్నది అక్లెయిమ్. అందరి ఆమోదంతో, ఓట్లు లెక్కపెట్టకుండా ఒకరిని ఎన్నుకుంటే అది అక్లమేషన్. మన సంఘం ఎన్నికలు చాలా ఏళ్ళుగా అలాగే జరుగుతున్నాయి. మనం పెట్టుకునే మెడికల్ రీఇంబర్స్‌మెంటు క్లెయిము కూడా ఆ కేకలోంచి పుట్టినదే. ఎన్ని కేకలేస్తే ఆ క్లెయిము శాంక్షనవుతుందో మీకు నేను చెప్పాలా?

అమెరికాలో చదువుతున్న మన మనుమల డిగ్రీ సర్టిఫికెట్ల మీద కొన్నిసార్లు 'కమ్ లౌడే' అని ఉంటుంది. లాటిన్‌లో 'లాస్' అంటే ప్రశంస. ఇంగ్లీషులో లాడ్ అనే క్రియ, లాడబుల్ అనే విశేషణం దానినుంచే వచ్చాయి. కమ్ లౌడే అంటే ప్రశంసతో ఉత్తీర్ణుడయ్యాడని. 'మాగ్నా కమ్ లౌడే' అంటే గొప్ప ప్రశంసతో, 'సుమ్మా కమ్ లౌడే' అంటే అత్యున్నత ప్రశంసతో. కనుక మనుమడు ఫోను చేసి 'మాగ్నా' వచ్చింది తాతయ్యా అంటే అదేదో కొత్త కంపెనీ అనుకోకండి. రెండు రోజులు ఊళ్ళో చెప్పుకోవచ్చు.

ఇక స్టాండింగ్ ఒవేషన్. సభంతా లేచి నిలబడి చప్పట్లు కొడితే అంతకు మించిన గౌరవం లేదని ఈనాడు అనుకుంటాం. రోమునగరంలో మాత్రం ఒవేషన్‌ది రెండో స్థానం. పెద్ద విజయం సాధించిన సేనానికి ట్రయంఫ్ అనే ఊరేగింపు, నాలుగు గుర్రాల రథం, లారెల్ ఆకుల కిరీటం. చిన్న విజయమైతే రథం లేదు, మర్టిల్ ఆకుల దండతో నడిచి రావటమే. దాని పేరు ఒవేషన్. స్పార్టకస్ నాయకత్వంలో తిరగబడిన బానిసలను అణచిన క్రాసస్‌కు క్రీస్తుపూర్వం 71లో ఇచ్చింది ఒవేషనే. బానిసల మీద గెలుపు కూడా ఒక గెలుపా అని వారి లెక్క. చూశారా, సన్మానాల్లో ఫస్టు గ్రేడు, సెకండు గ్రేడు అనేవి మన సర్కారు వారు కనిపెట్టినవి కావు.

అకొలేడ్ అనే మాట పత్రికల్లో తరచుగా కనపడుతుంది. 'కోలుమ్' అంటే మెడ. ఐరోపాలో ఒక వ్యక్తిని నైట్‌గా స్వీకరించేటప్పుడు మెడ చుట్టూ చేతులు వేసి కౌగలించుకోవటాన్ని అకొలేడ్ అన్నారు. తరువాత భుజం మీద కత్తిని ఆనించటాన్ని కూడా అలాగే అన్నారు. ఇప్పుడు ఏ బిరుదైనా, ఏ పురస్కారమైనా అకొలేడే. మనం మెడ చుట్టూ శాలువా కప్పుతున్నాం కనుక అసలు అర్థానికి మనమే దగ్గరగా ఉన్నాం. కాకపోతే మెచ్చి మేకతోలు కప్పారనే సామెత కూడా మనదే. ఏది శాలువానో ఏది మేకతోలో కప్పించుకున్నవారికి తెలియకపోయినా చూసేవారికి తెలుస్తుంది.

శాలువా అంటే ఫెలిసిటేషన్ గుర్తొస్తుంది. 'ఫెలిక్స్' అంటే లాటిన్‌లో సంతోషంగా ఉన్నవాడు, అదృష్టవంతుడు. ఫెలిసిటేట్ అంటే ఎదుటివాని సంతోషంలో పాలు పంచుకోవటం. ఈ మాటను మన దేశంలో వాడినంతగా ఇంగ్లండులో వాడరు. అయినా సిగ్గుపడవలసిన పని లేదు. మనం వారి మాట తీసుకున్నట్టే వారూ మన నోటినుంచి ఒక మాట పట్టుకుపోయారు. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ అనే ఆంగ్లో-ఇండియన్ నిఘంటువులో మనం రోజూ అనే శభాష్ ఉన్నది. అది పారశీకం నుంచి మనకు వచ్చిన మాట. సంతోషంగా ఉండు అని దాని అర్థమంటారు. అంటే ఫెలిసిటేషనూ శభాషూ రెండూ ఒక్కటే కోరుతున్నాయన్నమాట.

ఇప్పుడు కొన్ని జాగ్రత్తలు. వీటిలో కొన్నిటిని నేను దెబ్బతిని నేర్చుకున్నాను.

సర్వీసులో చేరిన కొత్తలో మా అధికారి ఒకాయనకు బదిలీ అయింది. వీడ్కోలు పత్రం నేనే రాశాను. 'ఫుల్' అంటే నిండు కదా, ఫుల్‌సమ్ అంటే నిండైన అని నాకు నేనే అర్థం చెప్పుకుని, తమకు మా ఫుల్‌సమ్ ప్రెయిజ్ సమర్పించుకుంటున్నాము అనే భావంతో ఒక వాక్యం గట్టిగా వేశాను. పత్రం చదివారు, ఫ్రేము కట్టి ఇచ్చారు. మర్నాడు ఆయన నన్ను పిలిచి, "ఏమయ్యా, ఈ మాటకు అర్థం చూశావా?" అని అడిగారు. చూడలేదండీ అన్నాను. నా నిఘంటువే తెప్పించి చూపించారు. వెగటు పుట్టేటంత అతిగా పొగడటం అని ఉన్నది. నాకు చెమటలు పట్టాయి. ఆయన నవ్వి, "పరవాలేదులే, పత్రం మొత్తం చదివాను. ఆ మాట సరిగ్గానే పడింది" అన్నారు. అప్పటినుంచి తెలిసిన మాటకైనా నిఘంటువు చూడందే సంతకానికి పెట్టలేదు.

రెండో జాగ్రత్త యూలజీ. గ్రీకు భాషలో మంచి మాట అని అర్థం. మాటలో తప్పేమీ లేదు. కానీ వాడుకలో అది ఎక్కువగా చనిపోయినవారిని గురించి సంతాప సభలో చేసే ప్రశంస. బతికి ఉన్నవాని రిటైర్మెంటు సభ ఆహ్వానంలో యూలజీ బై ఫలానా వారు అని అచ్చు వేస్తే, చదివినవారు పూలదండతో బదులు పుష్పగుచ్ఛంతో వస్తారు. అప్రీసియేషన్ అనో, ట్రిబ్యూట్ అనో వేసుకోవటం క్షేమం.

మూడోది కాంప్లిమెంట్. అక్షరాల మధ్యలో 'ఐ' ఉంటే మెప్పు, 'ఈ' ఉంటే పూరకం. రెండూ పలకటంలో ఒకటే. పెళ్ళి శుభలేఖల కింద విత్ బెస్ట్ కాంప్లిమెంట్స్ ఫ్రమ్ అని వేస్తామే, అక్కడ 'ఐ' పడాలి. 'ఈ' పడితే ఆ బంధువులు పెళ్ళికొడుకులో ఏదో లోటు పూరించటానికి వస్తున్నారని అర్థం వస్తుంది.

నాలుగోది కూడోస్. ఇదొక గ్రీకు మాట. కీర్తి అని అర్థం. చివర 'ఎస్' ఉన్నది కదా అని అది బహువచనం అనుకుని, ఒక్కరికైతే కూడో అంటున్నారు కొందరు. నిజానికి ఆ 'ఎస్' మాటలో పుట్టుకతో వచ్చినదే. కీర్తి ఎంతమందికి వచ్చినా కూడోసే.

ఇంకా ప్రజల ఆమోదాన్ని తెలిపే కేకలున్నాయి. బ్రిటిష్ పార్లమెంటులో చప్పట్లు కొట్టటం ఆచారం కాదు. సభ్యుడు చెప్పింది నచ్చితే 'హియర్, హియర్' అంటారు. హియర్ హిమ్, ఆయన చెప్పేది వినండి అనేదానికి కుదింపు అది. నేను చాలా కాలం ఇక్కడ, ఇక్కడ అని అర్థం చేసుకున్నాను. సభ్యులు వెనక బెంచీలనుంచి తమ ఉనికి తెలుపుకుంటున్నారేమో అనుకునేవాణ్ణి. మన చట్టసభల్లో బల్లలు చరుస్తారు. అది భాష రాకపోయినా అర్థమవుతుంది.

మళ్ళీ పాడమని అడగటానికి ఇంగ్లీషువారు 'ఆంకోర్' అనే ఫ్రెంచి మాట అరుస్తారు. ఫ్రెంచివారు మాత్రం ఆ మాట అనక 'బిస్' అంటారు. మన తెలుగువాళ్ళం ఆ రెండూ వదిలేసి 'వన్స్ మోర్' అన్నాం. పాండవోద్యోగ విజయాలలో రాయబారం పద్యాలకు, హరిశ్చంద్రలో కాటి సీను పద్యాలకు తెల్లవార్లూ వన్స్ మోర్‌లు పడటం నా వయసువారందరూ చూసినదే. కొడుకు శవం పక్కన ఏడుస్తున్న పాత్రధారి ఆ కేక వినగానే కన్నీళ్ళు తుడుచుకుని, హార్మోనియం వైపు చూసి, అదే పద్యం మొదటినుంచి ఎత్తుకునేవాడు. టిక్కెట్టు కొన్న పామరుడి మెప్పుకు అంత విలువ ఉండేది.

అయితే చప్పట్లను కొనటం కూడా కొత్తది కాదు. నీరో చక్రవర్తి పాడుతుంటే చప్పట్లు కొట్టటానికి ఐదువేలకు పైగా యువకులను తయారు చేశారట. తేనెటీగల మోత, పెంకుల మోత, ఇటుకల మోత అని చప్పట్లలో రకాలు కూడా నేర్పారట. రోమన్ చరిత్రకారుడు సుటోనియస్ రాశాడు. పందొమ్మిదవ శతాబ్దంలో పారిస్ నాటకశాలల్లో కూలికి చప్పట్లు కొట్టేవారి ముఠాలుండేవి. వాటి పేరు 'క్లాక్'. నవ్వవలసిన చోట నవ్వేవారు వేరు, ఏడవవలసిన చోట రుమాలు తీసేవారు వేరు, బిస్ అని అరిచేవారు వేరు. సెక్షన్ల వారీగా పని పంపకం అన్నమాట. లారీల్లో జనాన్ని తెచ్చే సభలు చూసిన మనకు దీనిలో వింత ఏమీ కనపడదు.

బిరుదుల సంగతి కూడా ఒక్క మాట. రావుసాహెబు, రావుబహదూరు బిరుదులు దొరలతో పోయాయి. రాజ్యాంగంలోని 18వ అధికరణం బిరుదులను రద్దు చేసింది. 1954లో భారతరత్న, పద్మ పురస్కారాలు వచ్చాయి. అవి బిరుదులు కావనీ, అందుకున్నవారు వాటిని పేరుకు ముందుగానీ వెనుకగానీ తగిలించుకోరాదనీ 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. మన సభల ఆహ్వాన పత్రికలు అచ్చు వేసేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. నిఘంటువులో గుడ్ అంటే మంచిది. ఆఫీసులో గుడ్ అంటే ఏమిటో ఇక్కడ కూర్చున్న ప్రతివారికీ తెలుసు. మన బతుకులన్నీ రహస్య నివేదికల్లోని ఒక్క మాట మీద నడిచాయి. అవుట్‌స్టాండింగ్, వెరీ గుడ్, గుడ్, యావరేజ్. పై ప్రమోషనుకు వెరీ గుడ్ కావాలని రూలు ఉన్న చోట గుడ్ అని రాస్తే, అది మెచ్చుకోలు వేషంలో వచ్చిన శిక్ష. పైగా ఆ సంగతి మనకు చెప్పరు. వ్యతిరేక వ్యాఖ్యలు మాత్రమే తెలియజేయాలట. గుడ్ వ్యతిరేకం కాదు కదా!

ఇదే చిక్కు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. దేవ్‌దత్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా కేసు, 2008 మే నెలలో తీర్పు. ఆయన బోర్డర్ రోడ్స్ సర్వీసులో ఇంజనీరు. ప్రమోషనుకు ఐదేళ్ళూ వెరీ గుడ్ కావాలి. 1993–94 సంవత్సరానికి గుడ్ అని రాశారు, చెప్పలేదు. ప్రమోషను పోయింది. కోర్టువారు ఏమన్నారంటే, మాట ఏదని కాదు, దాని ఫలితం ఏమిటని చూడాలి, గుడ్ అయినా సరే ఉద్యోగికి తెలియజేయాలి అని. తీర్పు వచ్చేసరికి ఆయన రిటైరైపోయారు. అయినా ఆ గ్రేడును పునఃపరిశీలించమనీ, పెంచితే ప్రమోషనుకు పరిగణించి, వస్తే జీతం బకాయిలూ పెరిగిన పెన్షనూ వడ్డీతో సహా ఇవ్వమనీ ఆదేశించారు. మరుసటి ఏడు, 2009లో, కేంద్ర ప్రభుత్వం రహస్య నివేదిక అనే పేరు మార్చి, పూర్తి నివేదికను ఉద్యోగికి చూపాలని ఉత్తర్వులిచ్చింది.

ఆ తీర్పు వచ్చిన ఏడే నేను రిటైరయ్యాను. పత్రికలో చదివినప్పుడు మనవాళ్ళందరిలాగే నేనూ సంతోషించాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను.

1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన. కృష్ణా, గుంటూరు తీరాల్లో వేలమంది ప్రాణాలు కోల్పోయిన రాత్రి. నేను అప్పుడు కోస్తాలోని ఒక తాలూకా కచేరీలో ఎల్.డి.సి.ని. సముద్రం మా ఊరిదాకా రాలేదు గానీ గాలి వచ్చింది. కచేరీ మీది మంగళూరు పెంకులు కాగితాల్లా లేచిపోయాయి. మా ఆఫీసులో ఒక బంట్రోతు ఉండేవాడు. వయసులో అందరికన్నా పెద్ద కావటంతో పెద్దాయన అని పిలిచేవాళ్ళం. తెలుగు కూడబలుక్కుని చదివేవాడు, ఇంగ్లీషు రాదు. ఆ రాత్రి రికార్డు రూములోకి వాన దిగుతుంటే, అడంగళ్ళు, భూమి రిజిస్టర్లు, శిస్తు లెక్కల కట్టలు ఒక్కొక్కటీ భుజాన వేసుకుని స్లాబు ఉన్న ట్రెజరీ గదికి చేరవేశాడు. తెల్లవారేదాకా అదే పని. ఆ కట్టల్లో తాలూకాలోని రైతులందరి హక్కులూ ఉన్నాయి. తెల్లవారిన తరువాత ఇంటికి వెళితే తన ఇల్లు లేదు. భార్యాబిడ్డలు బడిలో తలదాచుకుని ఉన్నారు.

జనవరి 26కు ప్రశంసా పత్రాల కోసం పేర్లు పంపమని కాగితం వచ్చింది. మా కచేరీనుంచి ఐదు పేర్లు. ఎవరు ఏం చేశారో ఎదురుగా ఒక వాక్యం రాయాలి. డ్రాఫ్టు నాది. మొదటి నలుగురూ నాకన్నా పైవారు. కమెండబుల్, ఎగ్జెంప్లరీ, బియాండ్ ది కాల్ ఆఫ్ డ్యూటీ – నా నిఘంటువంతా వారి మీద కుమ్మరించాను. ఐదోది పెద్దాయన పేరు. అప్పటికి భోజనాల వేళయింది. టైపిస్టు కాగితం కోసం నిలబడి ఉన్నాడు. బంట్రోతే కదా, ఏదో ఒకటి అనుకుని, హిజ్ వర్క్ వాజ్ శాటిస్‌ఫ్యాక్టరీ అని రాసి ఇచ్చేశాను.

'సాటిస్' అంటే చాలు అని అర్థం. శాటిస్‌ఫ్యాక్టరీ అంటే చేయవలసినంత చేశాడు అని. ఒక రాత్రంతా తన ఇంటిని గాలికి వదిలి ప్రభుత్వం రికార్డు కాపాడిన మనిషికి నేను కట్టిన వెల అది.

జాబితా తిరిగి వచ్చింది. నాలుగు పేర్లకు టిక్కు. ఐదో పేరు ఎర్ర పెన్సిలుతో కొట్టేసి పక్కన 'రొటీన్' అని ఉన్నది. కొట్టేసినవారి తప్పేమీ లేదు. వారికి కనపడింది నేను రాసిన మాటే.

అప్పుడైనా మళ్ళీ ఒక నోటు పుటప్ చేయవచ్చు. చేయలేదు. రేపు చూద్దామనుకున్నాను, ఫైలు క్లోజయింది.

తాలూకాలు పోయి మండలాలు వచ్చిన మరుసటి ఏడు, 1986లో, పెద్దాయన రిటైరయ్యాడు. పెన్షను కాగితాలు నేనే తయారు చేశాను. సర్వీసు రిజిస్టరు తిప్పుతుంటే ఎదురుగా నేల మీద కూర్చుని చూస్తున్నాడు. ఇంక్రిమెంట్లు, సెలవులు, బదిలీలు. 1977, 78 పేజీల దగ్గర నా చెయ్యి ఆగింది. ఆయన కనిపెట్టాడు. "ఆ గాలివాన రాత్రి సంగతి అందులో రాశారా బాబుగారూ?" అని అడిగాడు.

"రాశాం" అన్నాను.

ఆయన ముఖం వెలిగింది. ఇంకేమీ అడగలేదు. నమస్కారం పెట్టి వెళ్ళాడు.

నేను రిటైరైన మరుసటి ఏడు, 2009లో, ఆయన కొడుకు నన్ను వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చాడు. నాన్న పోయి నెలయిందన్నాడు. "సార్, మా నాన్న సర్వీసు పుస్తకంలో తుఫాను రాత్రి చేసిన పనిని మెచ్చుకుంటూ రాశారట. మా చిన్నప్పటినుంచీ చెప్పేవాడు. ఆ పేజీ నకలు దొరికితే ఫ్రేము కట్టించుకుంటాం. ఎవరికి అర్జీ పెట్టుకోవాలో చెప్పండి" అన్నాడు.

ఇరవై మూడేళ్ళ క్రితం ఒక్క అబద్ధంతో తప్పించుకున్నాను. మళ్ళీ తప్పించుకోవచ్చు. పాత రికార్డు చెదలు తినేసిందంటే నమ్మేవాడు. కానీ ఆ రికార్డును చెడిపోకుండా కాపాడినవాడి కొడుకుతో ఆ మాట అనటానికి నాకు నోరు రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. కోప్పడితే బాగుండును అనిపించింది. చివరకు, "పోనీండి సార్, ఉందనుకునే పోయాడు కదా" అన్నాడు. నన్ను ఓదార్చటానికే అన్నాడు. ముప్ఫయ్యారేళ్ళ సర్వీసులో ఏ మెమో కూడా నన్ను అంతగా బాధించలేదు.

ఆ రాత్రి కూర్చుని ఒక కాగితం రాశాను. ఇంగ్లీషు నిఘంటువు తీయలేదు. ఫలానా తేదీ రాత్రి ఫలానా వారు ఫలానా రికార్డు గదిలో ఏం చేశారో, ఎన్ని గంటలు చేశారో, దానివల్ల ఏమి మిగిలిందో, ఆనాడు ఆయన ఇంటికి ఏమైందో తెలుగులో రాశాను. దానిని కళ్ళారా చూసిన ఆనాటి గుమాస్తాను అని కింద సంతకం పెట్టాను. ముద్ర లేదు, నంబరు లేదు. మర్నాడు వారి ఇంటికి వెళ్ళి ఆయన భార్య ఎదురుగా చదివి ఇచ్చాను. ఆమె విని, "ఆ రాత్రి మమ్మల్ని వదిలేసి వెళ్ళాడని నేను చాన్నాళ్ళు దెప్పేదాన్ని బాబూ" అని కొంగుతో కళ్ళు ఒత్తుకున్నది. దానిని ఫ్రేము కట్టించారని తరువాత విన్నాను. అది ప్రశంసా పత్రం కాదు, యూలజీ. అది నాకు తెలుసు. వినవలసినవాడు లేడు.

ఇన్ని మాటల పుట్టుపూర్వోత్తరాలు చెప్పింది పాండిత్యం చూపటానికి కాదని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నా అనుభవంలో తేలినవి రెండు. ఒకటి, మెచ్చుకునేటప్పుడు పెద్ద మాట వెతకటం కన్నా చేసిన పనిని చేసినట్టు చెప్పటం మేలు. నేను పెద్దాయన పేరు ఎదురుగా ఎగ్జెంప్లరీ అని రాయకపోయినా సరే, రాత్రంతా రికార్డు మోశాడు అని ఒక్క ముక్క రాసి ఉంటే, ఎర్ర పెన్సిలు ఆగేది. రెండు, ఆ మాటను మనిషి చెవిన పడేలా చెప్పాలి. ఒవేషన్‌కు చప్పట్లు వినటానికి సేనాని బతికి ఉండాలి.

ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను ప్రభుత్వం దయతో వేసే భిక్ష కాదు, చేసిన సేవకు ఉద్యోగికి రావలసినది అని తీర్పు చెప్పింది. అందుకే ఏటా ఈ రోజు మనం ఇక్కడ చేరుతున్నాం. ఆ న్యాయం మెచ్చుకోలుకూ వర్తిస్తుందని నాకు తోస్తున్నది. పని చేసినవాడికి అది రావలసిన బకాయి. మన బకాయిల కోసం ప్రభుత్వాన్ని అడుగుతున్నాం, అడగవలసిందే. మనం ఇతరులకు పడ్డ బకాయిలు కూడా ఉన్నాయి. ఆఫీసులో మనకు నీళ్ళు అందించినవారు, టప్పా మోసినవారు, మన నోట్లను ఓపికగా టైపు చేసినవారు, ఇంట్లో మన జీతం రాళ్ళతో పిల్లలను చదివించిన ఇల్లాళ్ళు. వారిలో ఉన్నవారికి ఉండగానే చెల్లించండి. దానికి శాంక్షన్ ఆర్డరు అక్కరలేదు, బడ్జెట్ కంట్రోలూ లేదు.

ఇది రాసుకుని నిన్న మా ఇంట్లో చదివి వినిపించాను. మా ఆవిడ అంతా విని, "ముప్ఫయ్యారేళ్ళూ అందరికీ పత్రాలు రాశారు గానీ, మా ఇంటి కాఫీ మీద ఒక్క రిమార్కు రాయలేదు" అన్నది. అది నిజమే. ఈ సభలో రికార్డు చేయవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతున్నాను. కాఫీ ఏనాడూ శాటిస్‌ఫ్యాక్టరీ కాదు, ఏభై ఏళ్ళుగా అవుట్‌స్టాండింగే. ఆమె మూడో వరుసలో కూర్చుని ఉన్నది.

ఇంతసేపు నన్ను ఎక్స్‌ప్లోడ్ చేయకుండా విన్నందుకు మీకందరికీ కృతజ్ఞతలు.